తెలుగు పుస్తకాలకు సరిపోయే ఈ-రీడర్‌ను ఎంచుకోవడం ఎలా?

ఈ-రీడర్, అంటే ఈ-పుస్తకాలు చదవడానికే చేసిన పరికరం, కొనాలనుకునేవారు ముందు ధర, తర్వాత తెర సైజు, ఆపైన బ్యాటరీ చూస్తారు. నా మాట వింటే వాటన్నిటికంటే ముందు మీ కంప్యూటర్‌లో పుస్తకాలున్న ఫోల్డర్ తెరవండి.

మూడేళ్ల కిందట మా నాన్నగారికి 6 అంగుళాల రీడర్ కొనిచ్చాను. ఆయన దగ్గరున్నవన్నీ పాత నవలల స్కాన్ పీడీఎఫ్‌లు. పేజీ మొత్తం ఆ చిన్న తెరలో ఇమిడేసరికి అక్షరాలు ఆవగింజలంత అయ్యాయి. పెద్దవి చేస్తే ప్రతి వాక్యానికీ పేజీని అటూ ఇటూ జరపాలి. వారం రోజులు ఓపిక పట్టి, ఆయన మళ్లీ అచ్చు పుస్తకాలే అందుకున్నారు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

మొదటి పని: ఫైళ్లను వేరు చేయడం

ఈపబ్ ఫైలులో అక్షరాలు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి, సైజు పెంచుకోవచ్చు. పీడీఎఫ్‌లో పేజీ అచ్చులో ఉన్నట్టే బిగుసుకుపోయి ఉంటుంది. ఆ పీడీఎఫ్ ఎలాంటిదో తేల్చడానికి అందులోని ఒక పదాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూడండి. తెలుగు వస్తే అది యూనికోడ్, అంటే ఏ పరికరమైనా తెలుగుగా గుర్తించే అక్షరాలు. పదం ఎంపికే కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే అను వంటి, అచ్చు పేజీలు కూర్చడానికి వాడిన పాత డీటీపీ ఫాంట్లతో కూర్చినదై ఉంటుంది. దాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

రెండో పని: తెర

ఈపబ్‌లే ఎక్కువైతే 6, 7 అంగుళాలు చాలు. అంగుళానికి 300 చుక్కలున్న తెర తీసుకోండి, ఒత్తులు స్పష్టంగా కనిపిస్తాయి. మన నవలలు చాలావరకు డెమ్మీ సైజువి, అంటే సుమారు 8.5 అంగుళాల ఎత్తు, 5.5 వెడల్పు. అంచుల్లోని ఖాళీ కత్తిరిస్తే అవి 8 అంగుళాల తెర మీద హాయిగా చదవవచ్చు. పాత పత్రికల స్కాన్లకు మాత్రం 10 అంగుళాలు ఉండాల్సిందే.

మూడో పని: తెలుగు పరీక్ష

ఇదే అన్నిటికంటే ముఖ్యం. స్త్రీ, జ్యోత్స్న, రాష్ట్రం, లక్ష్మి అనే నాలుగు మాటలతో చిన్న ఫైలు తయారు చేసుకుని, కొనేముందు దుకాణంలోనో స్నేహితుల రీడర్‌లోనో తెరిచి చూడండి. అక్షరాల బదులు ఖాళీ గళ్లు కనిపిస్తే కంగారు పడకండి, తెలుగు ఫాంటు లేదంతే. అమెజాన్ వారి కిండిల్, కోబో అనే రీడర్లు రెండింటిలోనూ ఫాంట్ల ఫోల్డర్‌లో ‘మండలి’ గానీ ‘నోటో సెరిఫ్ తెలుగు’ గానీ అనే ఫాంటు వేసుకుని, దాన్ని ఎంచుకోవచ్చు. ‘రాష్ట్రం’ అనే మాట ‘రాష్‌ట్‌రం’ అని విడివిడిగా పొల్లులతో కనిపించి, ఫాంటు మార్చినా అలాగే ఉంటే, ఆ రీడర్‌కు ఒత్తులు కూర్చడం రాదన్నమాట. ఎంత చవకగా వచ్చినా దాన్ని కొనకండి.

నాలుగో పని: ఏది ఏం తెరుస్తుందో చూడడం

కోబో, పాకెట్‌బుక్ రీడర్లు ఈపబ్‌ను నేరుగా తెరుస్తాయి. కిండిల్‌లోకి కేబుల్ ద్వారా ఈపబ్ ఎక్కిస్తే కనిపించదు; అమెజాన్ వారి ‘సెండ్ టు కిండిల్’ సేవ ద్వారా పంపితే, 2022 నుంచి, అదే మార్చి ఇస్తుంది. అమెజాన్ 2016 చివర్లో కిండిల్ కోసం ఐదు భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. మనవాళ్లు కిండిల్ కొనేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కిండిల్ దుకాణంలో కాపీ చేయకుండా తాళం (డీఆర్ఎం) వేసి అమ్మిన పుస్తకాలు కోబోలో తెరుచుకోవు. కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని కేబుల్‌తో ఎక్కించుకునే వీలును కూడా అమెజాన్ 2025 ఫిబ్రవరిలో తీసేసింది. తెలుగు పుస్తకాల యాప్‌లు వాడేవారికి ఆండ్రాయిడ్‌తో నడిచే బూక్స్ (Boox) లాంటి రీడర్లు అనువుగా ఉంటాయి.

ఐదో పని: మార్చుకోవడం

క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. పుస్తకాన్ని అందులో చేర్చి, ‘కన్వర్ట్’ నొక్కి, కోబోకైతే ఈపబ్, కిండిల్‌కైతే ఏజడ్‌డబ్ల్యూ3 (AZW3) అనే ఫైలు రకం ఎంచుకోండి. ఫాంట్ల విభాగంలో తెలుగు ఫాంటును పుస్తకంలోనే ఇమడ్చమని చెప్పడం మరవకండి. తాళం ఉన్న పుస్తకాలను ఇది మార్చదు. పీడీఎఫ్‌లను మారిస్తే వాక్యాలు మధ్యలో విరుగుతాయి, పేజీ అంకెలు కథలోకి చొరబడతాయి. స్కాన్లకు కే2పీడీఎఫ్‌ఆప్ట్ (k2pdfopt) అనే సాఫ్ట్‌వేర్ మేలు. అది అంచులు కత్తిరించి, మాటల బొమ్మలనే చిన్న తెరకు తగినట్టు మళ్లీ పేరుస్తుంది. నాన్నగారి నవలలను చివరికి ఇలాగే చేసి ఇచ్చాను.

తెలుగు వికీసోర్స్‌లో పుస్తకాలను ఈపబ్‌గా ఉచితంగా దించుకోవచ్చు. ముందు అక్కడి నుంచి ఒకటి తెచ్చుకుని పది పేజీలు చదవండి. ఒత్తులు, పేజీ తిప్పే వేగం, కళ్లకు హాయి మీకు నచ్చాకే మిగతా ఫైళ్ల పని పట్టండి.