కాల్‌లో మాట కట్ అవుతోందా? కొత్త హెడ్‌సెట్ కొనేముందు రౌటర్ సంగతి చూడండి

కరోనా టైం నుంచి నాకు ఇంటి దగ్గరే పని, రోజుకి నాలుగైదు గంటలు బ్లూటూత్ హెడ్‌సెట్ చెవికే ఉంటుంది. ఆమధ్య మీటింగ్‌లో గరగరమని సౌండ్ వచ్చి అవతలివాళ్ల మాట ముక్కలు ముక్కలుగా వినపడటం మొదలైంది, సరే హెడ్‌సెట్ పోయిందనుకుని రెండు వేలు పెట్టి ఇంకోటి కొన్నా, అదీ అంతే. చివరికి తేలిందేంటంటే తప్పు రౌటర్ సెట్టింగ్‌లో ఉంది. ఆ రెండు వేలు మీకు మిగలాలనే ఇదంతా రాస్తున్నా.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి, ఐదు నిమిషాల పని. ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద అదే హెడ్‌సెట్‌తో వాట్సాప్ కాల్ చెయ్యండి. తర్వాత వైఫై ఆన్ చేసి హెడ్‌సెట్ తీసేసి స్పీకర్‌లో మాట్లాడండి. స్పీకర్‌లో కూడా కట్ అవుతుంటే నెట్ ప్రాబ్లమ్. విడివిడిగా రెండూ బాగుండి కలిపితేనే పాడవుతుంటే మాత్రం రెండూ ఒకదానికొకటి అడ్డం పడుతున్నట్టు లెక్క.

సమస్య: వైఫై, హెడ్‌సెట్ కలిపి వాడితేనే గరగర

మా ఇంట్లో ఇదే. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ అనే రేడియో దారిలో, మామూలు వైఫై కూడా అక్కడే. ఆ దారి మొత్తం వెడల్పు 83 మెగాహెర్ట్జ్ చిల్లర, అందులో హెడ్‌సెట్ 79 సన్నటి ఛానెల్స్ మధ్య సెకనుకి 1600 సార్లు గెంతుతూ ఖాళీగా ఉన్నచోట మాట పంపుతుంది, రద్దీగా ఉన్నవాటిని వదిలేసే తెలివి కూడా దానికి ఉంది. కానీ రౌటర్‌లో ఛానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ ఉందనుకోండి, దాదాపు సగం దారి మన వైఫైయే ఆక్రమించేస్తుంది, మిగతాది పక్కింటివాళ్ల రౌటర్లు, ఇక హెడ్‌సెట్ గెంతడానికి చోటేదీ? పైగా చాలా లాప్‌టాప్‌లలో వైఫైకీ బ్లూటూత్‌కీ ఒకటే చిప్.

పరిష్కారం: రౌటర్ అడుగున స్టిక్కర్ మీద అడ్రస్ ఉంటుంది, ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1, బ్రౌజర్‌లో అది కొట్టి లాగిన్ అవ్వండి. 2.4కీ, బ్లూటూత్ లేని రెండో వైఫై దారి 5 గిగాహెర్ట్జ్‌కీ వేరువేరు పేర్లు పెట్టండి. లాప్‌టాప్, ఫోన్ 5 మీదకి మార్చి, పాత 2.4 పేరుని వాటిలోంచి ఫర్గెట్ కొట్టండి, లేకపోతే చెప్పాపెట్టకుండా మళ్లీ దానికే వెళ్లిపోతాయి. 2.4లో వెడల్పు 20 పెట్టి, ఛానెల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి, ఈ మూడూ ఒకదానిమీద ఒకటి పడవు. మాది వెడల్పు ఆటోలో ఉండిపోయింది, 20 చేసి లాప్‌టాప్‌ని 5కి మార్చిన రోజే గరగర పోయింది.

సమస్య: హాల్లో బాగుంటుంది, వంటింట్లోకెళ్తే కట్

ఆదివారం పొద్దున్నే డల్లాస్ నుంచి అక్క ఫోన్ చేస్తుంది, అక్కడ శనివారం రాత్రి. అమ్మ ఇయర్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడుతూనే పొయ్యి దగ్గరకెళ్తుంది, సరిగ్గా అక్కడే మాట ఆగిపోయేది, "అమ్మా వినపడుతోందా, అమ్మా" అని అక్క అరుస్తూనే ఉండేది, అమ్మేమో అక్క ఫోన్ పెట్టేసిందనుకుని చిన్నబుచ్చుకునేది. వారానికి ఒక్కసారి మాట్లాడుకునే తల్లీకూతుళ్లు, నాకు చాలా బాధనిపించింది.

కారణం చూస్తే రౌటర్ టీవీ షోకేస్ లోపల ఉంది, దానికీ వంటింటికీ మధ్య ఇనప బీరువా. సిగ్నల్ గోడ అయినా కొంచెం దాటుతుందేమోగానీ ఇనుముని దాటదు, 5 అయితే గోడకే నీరసపడిపోతుంది. దానికితోడు మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే, ఇడ్లీలు వేడి చేసే ఆ రెండు నిమిషాలు వైఫై, బ్లూటూత్ రెండూ దెబ్బతింటాయి.

పరిష్కారం: కేబుల్ అబ్బాయిని పిలిచి వైరు పొడిగించి రౌటర్‌ని హాలు గుమ్మం పక్కన, మనిషెత్తులో గోడకి పెట్టించా. ఫైబర్ వైరుని మాత్రం గట్టిగా మడిచి మేకుకి చుట్టొద్దు, లోపల గాజు పోగు, రౌటర్ మీద ఎర్ర లైటు వెలిగిందంటే ముందు ఆ మడత చూడండి. ఇప్పుడు అమ్మ పోపు వేస్తూ కూడా మాట్లాడుతోంది, అక్కకి ఆ చిటపట కూడా వినపడుతోందట.

సమస్య: పాట బ్రహ్మాండంగా వస్తుంది, కాల్ ఎత్తగానే పాత రేడియోలా ఉంటుంది

ఇది రిపేరు కాదు, కంగారు పడొద్దు. మైక్ ఆన్ అవ్వగానే మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్ కాల్ మోడ్‌కి మారి సౌండ్ నాణ్యత తగ్గించేస్తుంది. లాప్‌టాప్ మీటింగ్‌లో మైక్ కింద లాప్‌టాప్ మైక్‌నీ, స్పీకర్ కింద హెడ్‌సెట్‌నీ ఎంచుకోండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇంకో రెండు చిన్నవి. ఫోన్ వెనక జేబులో ఉంటే ఒంట్లో నీరే ఆ సిగ్నల్‌ని పీల్చేస్తుంది, చేతిలోకో చొక్కా జేబులోకో మార్చండి. రౌటర్ దానంతటదే ఆగి ఆన్ అవుతుంటే అడాప్టర్ మీద అనుమానం, ఓల్టులు పాతదాని మీద ఉన్నట్టు సరిగ్గా అంతే, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉన్నది తెచ్చి మార్చి చూడండి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే వైఫై పూర్తిగా ఆపి, ఫోన్‌లో సేవ్ చేసిన పాట ఒకటి పెట్టి, ఫోన్ చేత్తో పట్టుకుని వినండి. అప్పుడు కూడా కట్ అయితే ఇంకో ఫోన్‌కి కలిపి చూడండి, అక్కడా అంతేనంటే హెడ్‌సెట్‌దే తప్పు, బిల్లు తీసుకుని వారంటీకి వెళ్లండి.