చిత్రగ్రీవుడి కథ, ఉల్లిపాయల వల

పంచతంత్రంలో వలకు చిక్కిన పావురాల కథ చదివే వారం మా ఇంట్లో ఉల్లిపాయల వల సంచి పారేయం. దాన్ని ఒకవైపు కత్తిరించి పరిస్తే వేటగాడి వల రెడీ. పాత క్యాలెండర్ అట్టతో అరచేయంత పావురాలు చేయండి. రాజు చిత్రగ్రీవుడి మెడకు మాత్రం పిల్లల్ని ఉన్న రంగులన్నీ పూయనివ్వండి, టేబుల్ పాడైనా సరే.

పావురాల్ని వల అంచులకు దారాలతో కట్టండి. మధ్యలో ఓ నిమ్మకాయ పెట్టి, తలో మూల పట్టుకుని ఎత్తమనండి. ఒక్కరే తొందరపడితే నిమ్మకాయ దొర్లిపోతుంది. అందరూ ఒకేసారి లేపితే వల ఎగురుతుంది. నీతి విడిగా చెప్పక్కర్లేదు.

చివర్లో ఎలుక హిరణ్యకుడొచ్చి మొన మొద్దుగా ఉన్న కత్తెరతో దారాలు కోయాలి. కథలోలాగే ముందు మిగతా పావురాలవి, ఆఖర్న రాజుది. వరస తప్పితే మా చిన్నది ఆట మళ్లీ మొదటి నుంచి ఆడిస్తుంది.