జీపీఎస్ టైమ్‌ను కంప్యూటర్‌కి కలిపే ముందు జాగ్రత్తలు

పర్లాకిమిడి, రాయగడ వైపు కొండల మధ్య ఊళ్లలో ముందు చూసుకోవాల్సింది ఆకాశం. జీపీఎస్ యాంటెన్నాను రేకుల కప్పు కింద పెట్టొద్దు. డాబా మీద, నీళ్ల ట్యాంకుకి దూరంగా, నలువైపులా తెరిపిగా ఉన్న చోట బిగించండి. ఎండాకాలం సాయంత్రాలు పిడుగులు ఎక్కువ కదా, మబ్బు పట్టకముందే కేబుల్ ఊడదీయండి. ఉరుములు మొదలయ్యాక దాన్ని ముట్టుకోనే వద్దు.

యూఎస్‌బీ వైరొక్కటే గుచ్చితే చాలదు. అందులో వచ్చే టైమ్ వందల మిల్లీసెకన్లు ఆలస్యం కావచ్చు. అసలు ఖచ్చితత్వమంతా పీపీఎస్ పిన్‌లో ఉంది: సెకనుకో పల్స్, అంటే చిన్న కరెంటు సంకేతం. కొనే ముందే జీపీఎస్ బోర్డు మీద ఆ పిన్ ఉందో లేదో చూసుకోండి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పిన్నులు 3.3 వోల్టులే తట్టుకుంటాయి, 5 వోల్టులు తగిలితే ఆ కంప్యూటరే పోవచ్చు. పవర్ తీసేశాకే వైర్లు కలపండి.

నాకు అన్నిటికంటే భయం పల్స్ అంచు గురించి. సాధారణంగా సెకను మొదలయ్యేది పల్స్ పైకి లేచేటప్పుడు. సెట్టింగ్‌లో దిగే అంచు పెట్టారనుకోండి, పల్స్ వెడల్పు 100 మిల్లీసెకన్లయితే గడియారం సరిగ్గా అంతే తప్పుతుంది. గడియారాన్ని సరిచేసే ప్రోగ్రామ్ క్రోనీలో మాత్రం అంతా చక్కగా ఉన్నట్టే కనిపిస్తుంది! అందుకే ఇంటర్నెట్ టైమ్ సర్వర్ ఒకదాన్ని పక్కన పెట్టుకుని పోల్చండి. అది ఏ సెకనో కూడా చెబుతుంది, పల్స్ ఆ మాట చెప్పదు.

ఆన్ చేయగానే నమ్మొద్దు. 2017 నుంచి జీపీఎస్ కాలం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలం) కంటే 18 సెకన్లు ముందుంది. ఆ తేడా ఉపగ్రహం నుంచి అందడానికి 12.5 నిమిషాల దాకా పట్టొచ్చు, అందాకా టైమ్ తప్పుగా ఉండొచ్చు.

సిస్టమ్ గడియారం యూటీసీలోనే ఉంచండి, ఐదున్నర గంటలు కలిపే పని టైమ్‌జోన్‌ది.