చేతికి సొంత శైలి చిక్కనప్పుడు: తోలు చెక్కేవారి సమస్యలు, పరిష్కారాలు

గురువు లేకుండా తోలు చెక్కడం నేర్చుకున్నవాళ్ళను కొన్నాళ్ళకు ఒకే దిగులు పట్టుకుంటుంది: పని శుభ్రంగానే ఉంది కానీ నాది అనిపించడం లేదు. నన్నూ పట్టుకుంది. వెంటనే కొత్త డిజైన్ల కోసం వెతకడం మొదలుపెడతాం. నా అనుభవంలో ఈ బాధ వెనక ఎక్కువసార్లు ఉండేది కత్తి పదును, తోలులోని తడి. అందుకే ముందు చేతిని చూసుకుని, ఆ తర్వాత డిజైన్ దగ్గరికి వెళ్దాం.

కాగితం మీద బాగుంది, తోలు మీద ప్రాణం పోయింది

ముందు ఒక చిన్న పరీక్ష. అదే డిజైన్‌ను ఇంకో ముక్క మీద స్వివెల్ నైఫ్‌తో (వేళ్ళ మధ్య తిప్పుతూ గీతలు కోసే కత్తి) మాత్రమే కోయండి. సుత్తితో కొట్టే స్టాంపులు, అంటే బెవెలర్ (కోత పక్కన తోలును అణిచేది), షేడర్ (గుంటలు, నీడలు ఇచ్చేది) ఏవీ ముట్టుకోవద్దు. ఆ కోతలు చూడగానే తీగ కదులుతున్నట్టుంటే లోపం స్టాంపింగ్‌లో ఉంది. అప్పుడే చప్పగా ఉంటే లోపం కోతలోనే ఉంది. అలాంటప్పుడు ఎన్ని స్టాంపులు కొట్టినా పని లేవదు.

కోత చప్పబడటానికి మొదటి కారణం పదును. కత్తి తోలును పట్టుకుని ఆగుతూ కదులుతుంటే, దాన్ని తోయడానికే మన బలమంతా పోతుంది. ఇక వంపు ఎలా తిరగాలన్న ధ్యాస ఎక్కడ ఉంటుంది? చెక్కకు తోలు ముక్క అంటించి, దానికి ఆకుపచ్చ పాలిషింగ్ కాంపౌండ్ రుద్ది పక్కన పెట్టుకోండి. నాలుగైదు పొడవాటి కోతలకొకసారి బ్లేడును దానిమీద రెండు వైపులా లాగండి. కొత్తగా కొన్న బ్లేడుకైనా ఇది తప్పదు.

రెండో కారణం తడి. చెక్కడానికి వెజ్ ట్యాన్ (చెట్ల బెరడు లాంటివాటితో శుద్ధి చేసిన) తోలే కావాలి. క్రోమ్ (క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన) తోలు మీద స్టాంపు ముద్ర నిలవదు. స్పాంజితో తడిపి, పైరంగు దాదాపు మొదటి రంగుకు తిరిగి వచ్చేదాకా ఆగాలి. అప్పుడు చెంపకు ఆనిస్తే చల్లగా తగులుతుంది. అదే సరైన సమయం. తడి ఎక్కువైతే కోత మూసుకుపోతుంది, తక్కువైతే స్టాంపు కింద గోధుమ రంగు నీడ రాదు. మన ఎండాకాలంలో సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుంటే పది నిమిషాల్లో పరిస్థితి మారిపోతుంది. ఫ్యాన్ ఆపేయండి, పని చేయని భాగం మీద ప్లాస్టిక్ షీటు కప్పండి. అదే వానాకాలంలో తడి తోలును కవరులో రోజుల తరబడి ఉంచితే బూజు పడుతుంది, జాగ్రత్త.

తడిపేటప్పుడు నల్ల మచ్చలు వస్తే అది ఇనుము పని. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో గీస్తే నల్లగా తేలుతుంది కదా, తోలులోని వగరుకు ఇనుము తగిలి ఇక్కడ జరిగేదీ అదే. ఇనుప గిన్నె వాడకండి, బల్ల మీద ఇనుప రజను లేకుండా తుడవండి.

పదును, తడి రెండూ సరిగా ఉన్నా ప్రాణం రాలేదంటే, ట్రేస్ చేసిన గీత మీద భయంభయంగా నడుస్తున్నారన్నమాట. కోతలు ఒకదాన్నొకటి దాటకూడదు కాబట్టి, చుక్కలు పెట్టి మెలికల ముగ్గు కోయండి. గీతలు కలిసే ప్రతి చోటా వెంట్రుకవాసి ముందు ఆపండి. లోతు తోలు మందంలో మూడో వంతు నుంచి సగం వరకు చాలు. చివరికొచ్చేసరికి ఒత్తిడి తగ్గిస్తూ పైకి తేలండి. ఆకుల మీద వేసే అలంకార కోతలను మాత్రం ఎప్పుడూ ట్రేస్ చేయకండి. మీ చేతిరాత మొదట కనిపించేది అక్కడే.

"ఇది ఫలానావాళ్ళ డిజైన్ కదా?"

ప్యాటర్న్‌లో ఆకులు, పూలు ఎత్తుకున్నాం కానీ వాటిని నిలబెట్టిన నడకను గమనించలేదు. కారణం అదే. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో షెరిడాన్ అనే ఊరి పేరుతో ఒక శైలి ఉంది. దానికి రూపమిచ్చినవారిలో జీనులు తయారుచేసే డాన్ కింగ్ ముఖ్యుడు. అందులో తీగ చిన్న చిన్న వృత్తాలుగా ఒకదానిలోంచి ఒకటి తిరుగుతుంది, వృత్తానికొక పువ్వు. మీకు నచ్చిన ప్యాటర్న్ మీద ట్రేసింగ్ పేపర్ పరిచి ఆ వృత్తాలు, తీగ కాడలు మాత్రమే గీసుకోండి. అసలు ప్యాటర్న్‌ను అలమరలో పెట్టేయండి. ఖాళీలను మీరు కళ్ళారా చూసిన మొక్కతో నింపండి.

నేను తంగేడు తీసుకున్నాను. దక్షిణాదిలో ఒకప్పుడు తోళ్ళు శుద్ధి చేసింది ఎక్కువగా ఈ చెట్టు బెరడుతోనే, అందుకే ఆ పువ్వు తోలు మీద ఉండాలనిపించింది. ఐదు రేకులు, ముడతల అంచులు, జంటలు జంటలుగా ఆకులు. మొదటి బొమ్మల్లో ముడతలన్నీ గీశాను. స్టాంపు కొట్టేసరికి గజిబిజి అయింది. పేర్ షేడర్ (బేరిపండు ఆకారపు షేడర్) ఒక్క దెబ్బకు రేకులో ఒక గుంట పడేంతగా తగ్గించాకే పువ్వు కుదిరింది.

మన బొమ్మే పెట్టాను, కానీ అతికించినట్టుంది

తోలుబొమ్మను బెల్టు మీదికి ఎక్కించబోయి చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆంధ్రప్రదేశ్‌లోని నిమ్మలకుంట ఊళ్ళో చేసే తోలుబొమ్మ పలుచని మేకతోలు. వెనక దీపం పెడితే రంగులు వెలుగుతాయి, నగలకు కొట్టిన చిల్లుల్లోంచి కాంతి వస్తుంది. మన చెక్కడం బతికేది పక్కనుంచి పడే నీడ మీద. వెలుతురు కోసం పుట్టిన గీతను నీడలోకి తెస్తే మొద్దుబారుతుంది. బొమ్మను వదిలి చిల్లుల వరసను తీసుకోండి. ఆ లయను సీడర్‌తో (చిన్న గుండ్రటి చుక్కలు వేసే స్టాంపు) అంచు వెంబడి కొడితే చక్కగా ఒదుగుతుంది.

పూర్తి నమూనా కావాలంటే లేపాక్షి లతా మంటపం చూడండి. ఆ స్తంభాల మీది తీగలు, పూలు రాతిలో ఉబ్బెత్తుగా చెక్కినవి. చీర అంచులకు కూడా వాటిని తీసుకుంటారు. ఎక్కడ ఎత్తు ఉంచాలో, ఎక్కడ నేల దింపాలో శిల్పి ముందే తేల్చిపెట్టాడు. బెవెలర్ ఎటు పెట్టాలో ఆ రాయే చెబుతుంది. పొద్దున ఏటవాలు ఎండలో వెళ్ళండి, మధ్యాహ్నం ఫోటోల్లో నీడలు దొరకవు.

ఒక్కో పని ఒక్కో మనిషి చేసినట్టుంది

ప్రతిసారీ కొత్త స్టాంపు, కొత్త తోలు, కొత్త డిజైన్ అయితే చేతికి ఏదీ అలవాటు కాదు. మూడు నెలలు ఏడు పనిముట్లు మాత్రమే వాడండి. ఒకే చోట కొన్న, ఒకే మందం తోలు తీసుకోండి. నాలుగు అంగుళాల కోస్టర్లు చాలు. నచ్చనివి పారేయకుండా వెనక తేదీ వేసి దాచండి.

ఆరు పూర్తయ్యాక వాటిని చెక్కిన వైపు పైకే ఉంచి, తలకిందులుగా వరసలో పెట్టండి. అప్పుడు కంటికి బొమ్మ తట్టకుండా గీత మాత్రమే కనిపిస్తుంది. అనుకోకుండా మళ్ళీ మళ్ళీ వచ్చినవాటికి పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. నా వాటిల్లో ప్రతి కాడ చివరా కొంచెం ఎక్కువ మెలి తిరిగి ఉంది. అది తప్పనుకుని రెండేళ్ళు దిద్దుతూ వచ్చాను. ఏడో కోస్టర్ మీద దాన్ని దిద్దకుండా ఇంకో అర చుట్టు తిప్పాను.