వదంతి: ఒక మాట అర్థాన్నీ పుట్టుకనూ వెతికే పద్ధతి

విశాఖ ఫిషింగ్ హార్బరులో చేపల వేలంపాట సాగుతుండగా ఎవరైనా "సంద్రం ఎనక్కెళ్లిపోనాదంట" అంటే, ఆ వాక్యంలో ముందుగా చూడవలసినది చివరనున్న "అంట". రాతలో "అట"గా కనిపించే ఈ చిన్న మాట, చెప్పేవాడు కళ్లారా చూడలేదనీ ఎవరో అనగా విన్నాడనీ తెలుపుతుంది. ఆ ఎవరో ఎవరన్నది మాత్రం దాచేస్తుంది. ధ్రువపడని సమాచారానికి మనం వాడే "వదంతి"లోనూ ఈ గుణమే ఉంది.

కాబట్టి ముందు పదాన్ని ధాతువు దగ్గరికి తీసుకువెళ్లండి. సంస్కృతంలో "వద్" అంటే పలకడం. "వదంతి" అనే క్రియారూపానికి "చెబుతున్నారు" అని అర్థం. చెబుతున్నది ఎవరని అడిగితే జవాబు లేదు. దీని ముందు "ఏమి" అనే అర్థమిచ్చే "కిం" చేరిస్తే "కింవదంతి" అవుతుంది. ఆ తరువాత పర్యాయపదాలు చూడండి. అమరకోశం "కింవదంతీ జనశ్రుతిః" అని, ఆ వెంటనే "వార్తా" అంటూ వేరే పదాల వరుస మొదలుపెడుతుంది. పక్కపక్కనే ఉన్నా రెండింటినీ కలపకపోవడం నాకు ముచ్చటగా తోస్తుంది.

"పుకారు"కు ఈ దారి పనికిరాదు. అది హిందుస్తానీ నుంచి వచ్చిన మాట. అక్కడ "పుకార్" అంటే కేక, పిలుపు. నౌకాదళంలో పనిచేసే హిందీ పొరుగాయనతో "పుకార్" అంటే, ఎవరు పిలిచారని ఆయన వెనక్కి తిరిగి చూడవచ్చు. మనం పుకారనేదాన్ని ఆయన "అఫ్వాహ్" అంటాడు. అరబ్బీలో ఆ మాటకు నోళ్లు అని అర్థం. అరువు మాటల విషయంలో పుట్టింటి అర్థాన్నీ మన దగ్గర స్థిరపడిన అర్థాన్నీ వేరువేరుగా రాసుకోవాలి.

వాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: వదంతి అబద్ధమే కానక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటక ముందు వాతావరణ శాఖ ప్రకటించినది హెచ్చరిక. అదే సంగతి చెప్పినవారి పేరు లేకుండా పూర్ణా మార్కెట్ దుకాణాల మధ్య తిరిగితే, నిజమే అయినా, వదంతే. అబద్ధమని తేలినదాన్ని "అసత్యం" అనే రాయండి. చెప్పినవారు తెలిస్తే "అట" తీసేసి, ఆ స్థానంలో వారి పేరు పెట్టండి.