పరిశోధన పాఠాలు – 3: ఆధారం ఎంత దూరం నుంచి మాట్లాడుతోంది?

పోయిన పాఠంలో 'రాణి రుద్రమ' అన్న పెద్ద అంశాన్ని కుదించి, 'రుద్రమ ఎప్పుడు, ఎలా చనిపోయింది?' అన్న ఒక్క ప్రశ్న దగ్గర ఆగాం. ఇప్పుడు ఆధారాలు వెతుకుదాం.

గూగుల్‌లో కొట్టగానే 'అంబదేవుడితో యుద్ధంలో వీరమరణం, 1289 నవంబరు 27' అని తేదీతో సహా వచ్చేస్తుంది. (అంబదేవుడు కాకతీయుల మీద తిరగబడ్డ సామంతుడు.) పోటీ పరీక్షల గైడ్లలోనూ అదే మాట. ఇన్నిచోట్ల ఉంది కదా అని నమ్మేయకండి. ఒకరిని చూసి ఒకరు రాసుకుంటే పది చోట్ల ఉన్నా అది ఒక్క మాటే. గైడ్లు, వికీపీడియా, విజ్ఞాన సర్వస్వాలు తృతీయ ఆధారాలు, అంటే ఇతరులు రాసినవాటిని కుదించి చెప్పేవి. వీటిని చదవొద్దని నేననను. మొదట అక్కడికే వెళ్లండి, కింద ఇచ్చిన పుస్తకాల పేర్లు రాసుకుని బయటికి రండి. థీసిస్ ఫుట్‌నోట్‌లో మాత్రం వికీపీడియా కనిపించిందంటే వైవాలో టెన్షన్ తప్పదు.

ఆ పేర్లు పట్టుకుని కేయూ (కాకతీయ యూనివర్సిటీ) లైబ్రరీకి వెళ్తే పి.వి. పరబ్రహ్మశాస్త్రి లాంటి చరిత్రకారుల రచనలు దొరుకుతాయి. ఇవి ద్వితీయ ఆధారాలు. శాసనాలు చదివి, పోల్చి, ఒక నిర్ణయానికి వచ్చి రాసినవి. వాటిలో నిర్ణయం ఎంత ముఖ్యమో ఫుట్‌నోట్ అంత ముఖ్యం. ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారం శోధగంగలో ఉచితంగా దొరికే పీహెచ్‌డీ థీసిస్‌లనూ అలాగే చదవండి.

ఫుట్‌నోట్ వెంట పోతే నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం దగ్గర తేలతాం. ఇది ప్రాథమిక ఆధారం, ఆ కాలపు మాట. పువ్వుల ముమ్మడి అనే ఆయన, శివలోకం చేరిన రుద్రమకూ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని భూమి దానం చేశాడు. శాసనం మీది తేదీ 1289 నవంబరు 27.

ఇక్కడ కాస్త నిదానంగా చూడండి. అది దానం చేసిన రోజు. చనిపోయిన రోజని శాసనం అనలేదు, అప్పటికి ఆమె లేదని మాత్రమే తెలుస్తోంది. యుద్ధం మాట లేదు, అంబదేవుడి పేరూ లేదు. అంబదేవుడి తిరుగుబాటు ఆ రోజుల్లోదే కాబట్టి, రాణి, సేనాని ఇద్దరినీ కలిపి చెప్పారు కాబట్టి, యుద్ధంలోనే పోయి ఉంటారని చరిత్రకారులు ఊహించారు. బలమైన ఊహే. కానీ ఊహను ఊహగానే రాయాలి. చరిత్రకారుడు 'అయి ఉండవచ్చు' అన్నది గైడ్లోకి వచ్చేసరికి 'అయింది' అవుతుంది.

ఇంకో చిక్కు. కాకతీయుల కథ చెప్పే ఏకామ్రనాథుడి ప్రతాపచరిత్ర ఏ కోవలోకి వస్తుంది? పాతదే, కానీ 1323లో ఓరుగల్లు పడిపోయాక రెండు వందల ఏళ్లకు గానీ రాలేదు. రుద్రమ మరణానికి అది బలహీన ఆధారం. అదే మీ ప్రశ్న 'తర్వాతి తరాలు కాకతీయులను ఎలా తలచుకున్నాయి?' అయితే, అది నేరుగా ప్రాథమిక ఆధారం. బడి పుస్తకాల్లో రుద్రమ చిత్రణ మీద పనిచేసేవారికి ఏడో తరగతి సోషల్ పుస్తకం కూడా అంతే. ప్రశ్న మారితే ఆధారం కోవ మారుతుంది. పుస్తకం మీద శాశ్వతంగా ముద్ర వేసి బీరువాలో పెట్టడం కుదరదు.

సైన్స్ విద్యార్థులకు లెక్క కొంచెం సులువు: ప్రయోగం చేసినవాళ్లే ఫలితాలు రాసిన జర్నల్ వ్యాసం ప్రాథమికం, అలాంటివి చాలా చదివి రాసిన రివ్యూ వ్యాసం ద్వితీయం.

ఈ వారం పని: 'రామప్ప గుడి ఎప్పుడు, ఎవరు కట్టించారు?' గుడి దగ్గరి బోర్డు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి పత్రికా వార్త, రేచర్ల రుద్రుడి 1213 నాటి శాసనపాఠం – ఈ మూడూ తీయండి. ఒక్కోదాని పక్కన ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, వాళ్లకెలా తెలుసు అని మూడు ముక్కలు రాయండి. 'వాళ్లకెలా తెలుసు' అన్నదానికి జవాబు దొరకకపోతే ఆ గడి ఖాళీగానే ఉంచండి. వచ్చే పాఠంలో ఆ ఖాళీ గడులతోనే పని.