తొలి పీరియడ్‌లో స్కేట్‌బోర్డు కదలకూడదు

దేవరకొండ వైపు ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. మా దగ్గర ఆరు స్కేట్‌బోర్డులు, ఏడో తరగతిలో ముప్పై ఆరు మంది పిల్లలు ఉన్నారు. బోర్డుకు ఆరుగురు. ఒకరు ఎక్కుతారు, ఇద్దరు చెరో పక్కన నిలబడతారు, ఒకరు చివర సున్నపు గీత దగ్గర బోర్డును ఆపుతారు, మిగిలిన ఇద్దరు తమ వంతు కోసం హెల్మెట్, ప్యాడ్లు కట్టుకుంటారు. ఇలా పంచితే ఎవరూ ఊరికే కూర్చోరు.

మట్టి మైదానం దీనికి పనికిరాదు. ప్రార్థన జరిగే సిమెంటు గచ్చు చాలు, కానీ ముందు ఊడ్చాలి. చిన్న రాయి చక్రానికి అడ్డుపడితే బోర్డు అక్కడే ఆగుతుంది, పిల్లవాడు ఆగడు. మొదటి వారంలో ఒక అబ్బాయి మోచేయి అలాగే గీరుకుపోయింది. వెతికితే దొరికిన రాయి కందిగింజ కంటే కొంచెం పెద్దది, అంతే. అప్పటి నుంచి ఇద్దరు పిల్లలు ఊడ్చాక నేను చెప్పులు విడిచి గచ్చంతా ఒకసారి నడుస్తాను. మార్చి వచ్చిందంటే పొద్దున మొదటి పీరియడ్‌లోనే నేర్పండి, తర్వాత గచ్చు కాలిపోతుంది.

మన గచ్చులు అంత నున్నగా ఉండవు కాబట్టి మెత్తని చక్రాలు తీసుకోండి. చక్రం మీద 78ఎ అని ఉంటే మెత్తనిది, 99ఎ అని ఉంటే గట్టిది. బోర్డు కింద ఇరుసు మధ్యలో ఉండే పెద్ద నట్టును కొంచెం బిగిస్తే ఊగడం తగ్గుతుంది.

ఏ కాలు ముందుండాలి? వెనక నుంచి తోసి చూడమని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను, సార్ తోశాడన్న బెదురు పిల్లల్లో ఉండిపోతుంది. మేజోళ్లతో వరండా నాపరాళ్ల మీద పరుగెత్తి జారమంటాను. ముందుకు వచ్చిన కాలే బోర్డు మీద ముందుంటుంది. ఎడమ కాలైతే రెగ్యులర్, కుడి కాలైతే గూఫీ. రెండూ సరైనవే.

మొదటి రోజు బోర్డును గడ్డి మీద పెట్టండి, చక్రాలు తిరగవు. ముందు కాలు ముందు బోల్టుల మీద, వెనక కాలు వెనక బోల్టుల మీద. మోకాళ్లు వంచి, చూపు ఎదురుగా ఉంచాలి. ఎక్కడం, దిగడం ఇరవైసార్లు చేయించండి. తర్వాత లాంగ్‌జంప్ ఇసుకలో పడటం నేర్పండి. చేతులు చాచి పడితే మణికట్టు విరుగుతుంది. ముడుచుకుని భుజం మీద దొర్లాలి. కబడ్డీ ఆడే పిల్లలకు ఇది త్వరగా వస్తుంది.

గచ్చు మీదకు వచ్చాక అసలు పని చేతులది. మా తరగతిలో ఒక అమ్మాయి తోటి పిల్లల వేళ్లు తెల్లబడేలా పట్టుకునేది. "వదలకండి సార్" అనేది. మొదట రెండు చేతులు, తర్వాత ఒక చేయి, ఆ తర్వాత ఒక రుమాలు ఇచ్చాను. ఒక కొస ఆమె చేతిలో, రెండో కొస పక్కమ్మాయి చేతిలో. వదులుగా వేలాడే రుమాలు ఎవరినీ పడకుండా ఆపలేదు, అయినా ఆమె భుజాలు దిగాయి, మోకాళ్లు వంగాయి. ఆడపిల్లకు ఇదెందుకని వాళ్లమ్మ అడిగితే, 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్ తొలిసారి పెట్టినప్పుడు జపాన్‌కు చెందిన మొమిజి నిషియా స్వర్ణం గెలిచిందని, అప్పటికి ఆమెకు పదమూడేళ్లేనని చెప్పాను. మా పిల్లల కంటే ఒక్క ఏడాది పెద్ద.

తోసేటప్పుడు ముందు పాదం బోర్డు పొడవునా తిరిగి ఉండాలి, వెనక కాలితో బోర్డు పక్కనే నేలను తన్నాలి. చాలామంది ముందు కాలితోనే తోస్తారు, వెంటనే సరిదిద్దండి. ఆపడానికి వెనక పాదం అడుగును నేలకు మెల్లగా ఆనించి రుద్దాలి. తెల్ల కాన్వాసు బూట్లు దీనికి బాగుంటాయి, చెప్పులతో ఎవరినీ ఎక్కనివ్వకండి.

వరుసగా మూడుసార్లు సున్నపు గీత దాటకుండా తానే ఆపుకోగలిగిన వాళ్లకే మలుపులు నేర్పుతాను. బిగించిన నట్టును అర చుట్టు వదులు చేసేది అప్పుడే.